విందు పెట్టినవాడు

"ఆ పెద్ద గిన్నె కూడా ఇటు తే. వాడి ఉద్యోగం ఎటు పోతే మన గిన్నెలూ అటే" అంది అత్తగారు, అట్టపెట్టె అడుగున పాత దుప్పటి పరుస్తూ.

కోడలు గిన్నెను పొయ్యి మీద నుంచి తీసి, మళ్ళీ పొయ్యి మీదే పెట్టింది.

"వినపడిందా?"

"వినపడింది అత్తయ్యా. ఇవ్వను."

"ఇవ్వవూ! ఈ ఇంట్లో ఇవ్వను, రాను అనే మాటలు ఎప్పట్నించి మొదలయ్యాయి?"

"మీ అబ్బాయి బదిలీ కబురు తెచ్చిన రోజు నుంచి."

ఆ కబురు వచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో ఇదే వరస. పగలు అత్తగారు సర్దుతుంది, సాయంత్రం కోడలు తీస్తుంది. సగం వంటిల్లు పెట్టెల్లోనూ సగం అలమరలోనూ ఉంది. నిన్న గరిటె కోసం వెతికి వెతికి చివరికి చెంచాతోనే వడ్డించుకున్నారు.

"వాణ్ణి అడిగి వేశారా బదిలీ? పైవాళ్ళు వేశారు. వాడి చేతిలో ఏముంది? పాపం, దిగులుతో ముఖం ఎలా పీక్కుపోయిందో చూడు."

పీక్కుపోయిన ఆ ముఖం ఆ సమయంలో స్నానాలగదిలో నురుగు పూసుకుని ఈల వేస్తోంది. ఈల వంటింట్లోకి వినిపిస్తూనే ఉంది. అత్తగారికి కొడుకు విషయంలో కళ్ళే కాదు, చెవులు కూడా కాస్త మందం.

"నాకు మాత్రం సరదానా? కింది వాటా ఆవిడ సాయంత్రం పేకాటలో దొంగాట ఆడకపోతే, నేనది పట్టుకుని నాలుగు దులపకపోతే, నాకు తిన్నది అరగదు. ఆ సుఖం వదులుకుని వస్తున్నాను. నీకేం అద్దాలమ్మా, అద్దాలు ఏ ఊళ్ళోనైనా అరగదీయొచ్చు."

"అరగదీయొచ్చు. నా కొట్టు మాత్రం ఈ ఊళ్ళోనే ఉంది."

"నీ కొట్టా? ఇంకా కాలేదుగా!"

అదీ నిజమే. ఇంకా కాలేదు. పెళ్ళికి ముందు నుంచీ ఆమె ఆ కళ్ళజోళ్ళ కొట్టు వెనక గదిలో, యంత్రం ముందు కూర్చుని అద్దాల అంచులు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తోంది. కొట్టు పెద్దాయనకు చెయ్యి వణకడం మొదలైంది. ఈమధ్యే పిలిచి చెప్పాడు. "అమ్మాయ్, పక్కవీధి షోరూమువాళ్ళు అడుగుతున్నారు. వాళ్ళకిస్తే యంత్రం తీసి పారేస్తారు. నువ్వు నడుపుతానంటే నీకే. బోర్డు మీద నీ పేరే రాయించుకో. సోమవారం పొద్దున తాళాలు ఎవరి చేతిలో పెట్టాలో చెప్పు."

ఆ సోమవారం రేపే. ఆమె ఇంకా ఏ మాటా చెప్పలేదు.

ఈల ఆగింది. లిఫ్టుల కంపెనీలో తనిఖీ ఇన్‌స్పెక్టరుగారైన మొగుడుగారు, మెడ చుట్టూ తువ్వాలుతో, గుమ్మంలోకి వచ్చేసరికి ముఖానికి తగినంత దిగులు తగిలించుకుని వచ్చాడు.

"ఏవండీ, మీ ఆఫీసులో ఇంకొక్కసారి అడగలేరా?"

"ఎన్నిసార్లు అడగను? కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. పైనుంచి వచ్చిన ఆర్డరు" అంటూ కళ్ళజోడు తీసి తువ్వాలుతో తుడవసాగాడు. పొద్దున్నే ఆమె స్వయంగా కడిగి పెట్టిన కళ్ళజోడు అది. తుడవాల్సినంత మురికి అప్పుడే ఎలా పట్టిందో ఆమెకు అర్థం కాలేదు.

"తొందరగా తయారవు. వాళ్ళు ఎదురుచూస్తుంటారు. నేను పోతున్నానని ఒక్కొక్కడికీ ఎంత బాధో! వీడ్కోలు విందు అట, కొత్తగా పెట్టిన జపాన్ హోటల్లో."

"మీ స్నేహితుల విందుకు నేనెందుకు?"

"నువ్వు రాకపోతే బాగోదు. ముఖం కాస్త మామూలుగా పెట్టుకో."

"వెళ్ళమ్మా" అంది అత్తగారు. "వాళ్ళు పెడుతుంటే తినడానికేం? దెబ్బ తిన్నవాడికి విందు పెట్టడం ఆ కుర్రాళ్ళ పద్ధతి. ఈ వంటింట్లో నా చేతి అన్నం తింటూ పెట్టుకున్న పద్ధతి అది. అవునుగానీ, అక్కడ పచ్చి చేపలు పెడతారటగా? పచ్చివి తినడానికి హోటలెందుకు? పిల్లులు ఊరికే తింటున్నాయి!"

*

హోటలు బస్సు డిపో ఎదురుగా ఉంది. ఆస్తులు అమ్ముకోకుండా తినగలిగే చోటు కాబట్టి ఆదివారం మధ్యాహ్నం కిటకిటలాడుతోంది. గుమ్మానికి చీలికలు చేసిన పొట్టి తెర వేలాడుతోంది. తల వంచితే తప్ప లోపలికి పోనివ్వదు. ఎవరు వచ్చినా వంటవాళ్ళంతా ఒక్కసారి వాళ్ళ భాషలో స్వాగతం అని అరుస్తున్నారు. ఆ అరుపు తన కోసమేననుకుని మొగుడుగారు చెయ్యి ఊపాడు.

బల్ల దగ్గర అప్పటికే ముగ్గురున్నారు. పళ్ళ డాక్టరు, అతని భార్య, బుడగ. డాక్టరుగారి భార్య చిన్నపిల్లల బడిలో టీచరు. అందరూ పంతులమ్మ అంటారు. బుడగ అసలు పేరు అతని తల్లికైనా గుర్తుందో లేదో. పొట్ట చూసి పెట్టిన పేరే గానీ, మాటలకు కూడా అంతే సరిపోయింది. ప్రయాణాల ఏజెంటు. ఎప్పుడో విమానం మారడానికి ఒక పూట జపాన్ విమానాశ్రయంలో కూర్చుని వచ్చాడు. అప్పటి నుంచీ ఆ దేశానికి తనే రాయబారి.

"రా చెల్లెమ్మా, కూర్చో! ఇక్కడ ఎవరి పళ్ళెం వాళ్ళది కాదు. అన్నీ మధ్యలో పెట్టి పంచుకోవాలి. ఆ దేశంలో అంతే. నేను చూశాగా!"

"విమానాశ్రయంలోనా అన్నయ్యా?"

పంతులమ్మ నవ్వు దాచుకుంది. బుడగ వినపడనట్టు బల్ల మీది పలకలాంటి తెరను వేలితో పొడిచి పొడిచి తెప్పించాల్సినవన్నీ తెప్పించాడు. "ఎవరూ మొహమాటపడకండి ఇవాళ. ఇది కూడా, అది కూడా" అంటూ ఆ తెర చివరి దాకా పోయాడు.

ఉప్పు చల్లి ఉడికించిన సోయా కాయలు వచ్చాయి. పళ్ళ డాక్టరు ఒకటి తొక్కతో సహా నమిలి, ఇలాగే తినాలి కాబోలునని మింగేశాడు. ఊరంతటికీ ఎలా నమలాలో చెప్పే మనిషి. అన్నం ముద్ద మీద చేప ముక్క పరిచిన సూషీ వచ్చింది. బుడగ రెండు పుల్లల మధ్య ముక్కను పట్టుకుని దాని గురించి ఉపన్యసిస్తుండగా, అది జారి డాక్టరుగారి మంచినీళ్ళ గ్లాసులో పడింది. మొగుడుగారు పక్కనున్న ఆకుపచ్చ ముద్దను పచ్చడనుకున్నాడు. అది ఆవఘాటులా ముక్కుకెక్కే వసాబి. ముక్కు పట్టుకుని, బల్ల గుద్ది, ధారగా కన్నీళ్ళు కార్చాడు.

"చూశారా, మనల్ని వదిలిపోతున్నందుకు ఎలా ఏడుస్తున్నాడో!" అన్నాడు బుడగ.

ఆ వీడ్కోలు విందులో కారిన కన్నీళ్ళు అవే. మిగతా సమయమంతా వాళ్ళు వీడ్కోలు ఊసే ఎత్తలేదు. ఊరు వదిలిపోతున్న స్నేహితుణ్ణి ఒక్కడు కూడా, అక్కడ ఎలా ఉంటావురా అని అడగలేదు. పళ్ళ డాక్టరు అతని వీపు తట్టాడు. ఆ తట్టడం ఓదార్పులా లేదు. పరీక్ష పాసైన పిల్లాణ్ణి తట్టినట్టుంది.

వేడివేడి పులుసులో నూడుల్స్ తేలే రామెన్ గిన్నెలు రాగానే మగవాళ్ళు ముగ్గురూ ఒక్కసారే వంగారు. ముగ్గురి కళ్ళజోళ్ళకూ ఆవిరి కమ్మింది. ఆ మూడు జోళ్ళూ ఆమె బిగించినవే. బుడగ జోడు ఒక పక్కకు వంగి ఉంది, మీద కూర్చుని ఉంటాడు. ఏమీ కనపడకపోయినా ముగ్గురూ జుర్రడం మాత్రం ఆపలేదు. ఆమెకు ఆ ముగ్గుర్నీ చూస్తే వెగటు పుట్టింది. గిన్నె మాత్రం వదలబుద్ధి కాలేదు. పులుసు చిక్కగా, కమ్మగా, కడుపులోకి దిగి వెచ్చగా కూర్చుంది. వండినవాళ్ళ మీద ఆమెకు కోపం ఏముంది?

"మొదట్లో మనం ఇలా కూర్చున్నది గుర్తుందిరా?" అన్నాడు బుడగ, మూతి తుడుచుకుంటూ. "నా బ్యాంకు ఉద్యోగం ఊడినప్పుడు మీరిద్దరూ పెట్టారు. నేను అలవాటు కొద్దీ జేబు తడుముకుంటే వీడు నా చేతి మీద ఒక్కటిచ్చాడు."

"ఏడ్చేవాడి చెయ్యి జేబులోకి పోకూడదు. అది మన నియమం" అన్నాడు పళ్ళ డాక్టరు గంభీరంగా. "నా క్లినిక్కుకు కొత్త కుర్చీ వచ్చినప్పుడు నేను పెట్టాను. కోరింది దొరికినవాడు పెట్టాలి, దెబ్బ తిన్నవాడు తినాలి. ఇన్నేళ్ళలో ఒక్కసారి తప్పామా?"

"తప్పలేదు" అని మొగుడుగారు గంగిరెద్దులా తల ఊపాడు.

ఆమెకూ తెలుసు. పోయినేడు మొగుడుగారికి రావలసిన ప్రమోషను తప్పిపోతే ఈ ఇద్దరే అతనికి పెట్టారు. ఇంటికి వచ్చి రెండు రోజులు ఆ విందు గురించే చెప్పాడు. ప్రమోషను సంగతి మూడో రోజుకు మర్చిపోయాడు.

పరిచారిక చిన్న చెక్క పళ్ళెంలో బిల్లు తెచ్చి బల్ల మధ్యలో పెట్టింది.

పళ్ళ డాక్టరు పైకప్పు దీపం వైపు చూడసాగాడు. బుడగ మిగిలిన గ్యోజాను, కజ్జికాయలా మడిచిన పిండిలోంచి కూర కారిపోకుండా, ఎంతో శ్రద్ధగా నోట్లోకి చేర్చుకున్నాడు. మొగుడుగారు చెయ్యి చాచి, తన చెప్పులు తను లాక్కున్నంత మామూలుగా పళ్ళెం తన వైపు లాక్కుని, జేబులోంచి పర్సు తీశాడు.

"మీరెందుకు ఇస్తున్నారు?" అంది ఆమె.

"ఏం?"

"వీడ్కోలు మీకు కదా. దెబ్బ తిన్నవాడు మీరు కదా."

పర్సు మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. తర్వాత ఆ చెయ్యి పైకి లేచింది. కళ్ళజోడు తీసింది. చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టింది.

"అదే... వాళ్ళెప్పుడూ పెడుతూనే ఉంటారు... ఈసారికి..."

ఆమె పళ్ళ డాక్టరు వైపు తిరిగింది. "అన్నయ్యా, మీ చెయ్యి జేబులోకి పోలేదేం?"

డాక్టరు నీళ్ళు నమిలాడు. "అంటే చెల్లెమ్మా... ఇవాళ నా వంతు కాదుగా."

"మరెవరి వంతు?"

తేలు కుట్టిన దొంగల్లా ముగ్గురూ ఖాళీ గిన్నెల్లోకి చూస్తూ కూర్చున్నారు. నోటితో ఎన్ని అబద్ధాలైనా ఆడగలరు వాళ్ళు. ఇన్ని రోజులూ ఆడారు కూడా. వంతు తప్పమంటే మాత్రం వాళ్ళ వల్ల కాదు.

"అదేంటక్కా, అలా అడుగుతారు?" అంది పంతులమ్మ అయోమయంగా. "బావగారు కోరి వేయించుకున్న బదిలీ కదా? అర్జీ పెట్టుకుంటే వెంటనే వచ్చిందని మా ఆయన చెప్పాడు. మీరిద్దరూ అనుకునే చేశారనుకున్నాను."

"నువ్వూరుకోవే" అన్నాడు డాక్టరు.

"ఎప్పుడు పెట్టారమ్మా అర్జీ?"

పంతులమ్మ తన మొగుడి ముఖం చూసింది, ఆమె ముఖం చూసింది. ఆమె ముఖం చూశాకే మాట్లాడింది. "మీ కొట్టు పెద్దాయన మీకు కొట్టు ఇస్తానన్నాడే, ఆ వారమే. నాకు తెలీదక్కా మీకు చెప్పలేదని."

"ఇక్కడ కాదు. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం" అన్నాడు మొగుడుగారు గొంతు తగ్గించి.

"ఇంట్లో మీ అమ్మగారుంటారు. ఇక్కడైతే అందరూ మీవాళ్ళే. చెప్పండి."

"ఏం చెప్పమంటావ్? కొట్టు నీకే అన్న దగ్గర్నుంచీ నువ్వు నేల మీద నడిచావా? బోర్డు మీద పేరన్నావు. ఏ రంగో కూడా అనుకున్నావు. రేపు నన్ను ఎవడేమంటాడు? అద్దాల కొట్టావిడ మొగుడంటాడు. అదీ నా బతుకు. ఊరు మారితే ఆ గొడవే ఉండదనుకున్నా."

"ఇన్నాళ్ళూ ఏమంటున్నారనుకున్నారు మిమ్మల్ని?"

బుడగకు నవ్వు తన్నుకొచ్చింది. దాన్ని దగ్గుగా మార్చబోయి గ్యోజా గొంతుకు అడ్డం పడి నిజంగానే దగ్గాడు.

ఆమెకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది, కోపానికైనా ఎదుట ఒక మనిషి ఉండాలి. దిగులుతో సరిగా తినడం లేదని ఇన్ని రోజులూ తన వంతు కూర కూడా అతనికి వేసింది. రాత్రి అతను అటు తిరిగి పడుకుంటే, పాపం బాధపడుతున్నాడని మెల్లగా వీపు నిమిరింది. ఆ వీపు ఎందుకు అటు తిరిగిందో ఇప్పుడు తెలిసింది. నిమిరిన తన చేతి మీద తనకే అసహ్యం వేసింది.

"పడగొట్టడానికైనా నాకు ఎదురుగా నిలబడాల్సింది. కనీసం అడ్డం పడ్డాడని చెప్పుకునేదాన్ని" అంది లేస్తూ. "మీరు ఆఫీసు చాటున నక్కి కాలు అడ్డం పెట్టారు."

"కూర్చో. అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వండి. మీరు పెట్టిన విందు కదా."

పంతులమ్మ భుజం తట్టి, తెర కింద తల వంచి, ఆమె బయటికి నడిచింది. వెనక వంటవాళ్ళంతా ఒక్కసారిగా వీడ్కోలు అరిచారు. ఆ మధ్యాహ్నానికి నిజమైన వీడ్కోలు అదొక్కటే.

*

అత్తగారు మూసిన పెట్టె మీద కూర్చుని ఇంకో పెట్టెకు అంటుపట్టీ వేస్తోంది.

"వచ్చావా? వాడేడీ?"

"వెనకాల వస్తాడు."

"పచ్చి చేపలు తిన్నారా?"

"తిన్నాం."

"ఎవరు పెట్టారు, డాక్టరా, బుడగాడా?"

"మీ అబ్బాయి."

అంటుపట్టీ లాగుతున్న చప్పుడు సగంలో ఆగింది. అత్తగారు తలెత్తి కోడల్ని చూసింది. ఆ కుర్రాళ్ళకు చదువుకునే రోజుల నుంచీ వండి పెట్టిన మనిషి. ఎవరు ఏడిస్తే ఎవరు పెట్టేవారో, ఎవరు నవ్వితే ఎవరు పెట్టేవారో ఆమెకు మళ్ళీ చెప్పనక్కర్లేదు.

"వాడు పెట్టాడా?" అంది మెల్లగా.

"అవును."

"వాళ్ళు పెట్టనిచ్చారా?"

"పెట్టనిచ్చారు."

చాలాసేపు అత్తగారు చేతిలోని పట్టీ చుట్టను అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. కింది వాటాలో ఎవరో కుర్చీ జరుపుతున్నారు.

"అయితే వాడే అడిగాడన్నమాట" అంది చివరికి. "నాతో కూడా ఏడుపు ముఖం పెట్టాడే! నేను కింది వాటా ఆవిడ దగ్గరికి వెళ్ళి, పాత తగాదాలన్నీ మర్చిపోమని చెప్పి వచ్చాను. ఆవిడ నన్ను పట్టుకుని ఏడ్చింది కూడా. ఇప్పుడు ఏ ముఖంతో ఆవిడ దొంగాట పట్టుకోను?"

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. మొగుడుగారు చేతిలో మిగిలిన తిండి పొట్లంతో లోపలికి వచ్చాడు. తల్లి ముఖం, భార్య ముఖం చూసి, పొట్లాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడ్డాడు.

"నేను రాను" అంది ఆమె. "రేపు పొద్దున పెద్దాయనకు సరేనని చెప్తున్నాను."

అతను ఈసారి కళ్ళజోడు తీసి తుడవలేదు. అదే ఆమెను భయపెట్టింది.

"ఏం చెప్తావు? నిన్న సాయంత్రమే వెళ్ళి చెప్పి వచ్చాను. నువ్వు తీసుకోవడం లేదని, చెప్పడానికి మొహమాటపడుతున్నావని. ఆయన షోరూమువాళ్ళను ఇవాళే రమ్మంటానన్నాడు."

ఆమె ఒక్క ఉదుటున ఫోను అందుకుంది. పెద్దాయన నంబరు మోగుతోంది. ఎత్తలేదు. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని చెప్పుల్లో కాళ్ళు దూర్చింది.

"ఎక్కడికి?" అన్నాడు గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"నువ్వు తప్పుకోరా" అంది అత్తగారు.

"అమ్మా, నువ్వు కూడా..."

"తప్పుకో అన్నానా?" అత్తగారు వంగి, అంత కష్టపడి వేసిన అంటుపట్టీని పెట్టె ఈ చివర నుంచి ఆ చివరకు పరపరా చీల్చింది. "అమ్మాయ్, నువ్వు పరిగెత్తు. ఆ తాళాల సంగతి చూసి రా. ఈలోగా ఇవన్నీ నేను తీసి అలమరలో పెడతాను. వాడి కంచం ఒక్కటీ పెట్టెలో ఉంచుతాను."

అతను పక్కకు తప్పుకున్నాడు. ఆమె మెట్లు దిగుతోంది. చెవిలో ఫోను ఇంకా మోగుతూనే ఉంది, అవతల ఎవరూ ఎత్తడం లేదు. పైనుంచి, ఇంకా నింపని ఓ పెట్టె అడుగున ఒకే ఒక్క కంచం పడిన చప్పుడు వినిపించింది.